పలాస జీడి కొట్టుకు కమాండ్ లైన్ వార్తలు: ఒక కేస్ స్టడీ

పని అప్పగించింది పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక షావుకారు గారు. పొద్దున్న ఎనిమిదికి కొట్టు తాళం తీసేసరికి తన వ్యాపారానికి పనికొచ్చే వార్తలు ఒక్క కాగితం మీద ఉండాలన్నారు. ఆఫ్రికాలో జీడి పిక్కల సంగతేమిటి, దిగుమతుల మీద ఢిల్లీ ఏం నోటిఫికేషన్ ఇచ్చింది, బంగాళాఖాతంలో ఏమైనా పుట్టిందా, ఉద్దానంలో నిన్న ఏం జరిగింది. అంతే. యాప్ వద్దు, ఫోన్ మోత వద్దు, వీడియోలు అసలే వద్దు.

చిన్న కోరికే గానీ డబ్బుతో ముడిపడింది. పలాస పరిశ్రమల్లో పగిలే పిక్కలన్నీ ఉద్దానం తోటలవి కావు, పశ్చిమ ఆఫ్రికా సరుకు కూడా ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి బెనిన్ దేశం ముడి పిక్కల ఎగుమతి ఆపేసింది. అలాంటి కబురు ముందు చెవిన పడ్డవాడు 80 కిలోల బస్తాకు ఒక రేటు కడతాడు, ఆలస్యంగా తెలిసినవాడు ఇంకో రేటు కడతాడు. మా షావుకారికి కబుర్లు వాట్సాప్ గ్రూపుల్లోంచి వచ్చేవి. అక్కడ కొత్తదేదో పాతదేదో తేల్చుకోవడమే ఒక పని. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి ఫొటోలు ఇప్పటికీ వానాకాలం చివర్లో “ఇప్పుడే అందిన వార్త” అంటూ తిరుగుతుంటాయి.

కొట్టులో మూలన పడున్న పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. అందులో 2 జీబీ ర్యామ్. విండోస్ దాని మీద కదలడం మానేసింది కాబట్టి డెబియన్ అనే లినక్స్ వేశాను, గ్రాఫిక్స్ ఏమీ పెట్టకుండా, టైపు చేసే ఆదేశాలతోనే (కమాండ్ లైన్) నడిచేలా. బ్రాడ్‌బ్యాండ్ ఉంది గానీ గట్టి వానొస్తే ఉండదు. గుమాస్తా దగ్గర మాత్రం మంచి విండోస్ కంప్యూటరు, దానికో ప్రింటరు ఉన్నాయి. గుమాస్తా పేరు ఇక్కడ అనవసరం, నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను నాయినా అంటారు. ఈ కథలో సగం పని ఆయనదే.

ఫీడ్లు ఇంకా బతికే ఉన్నాయా

ఫీడు అంటే ఒక సైటు తన కొత్త వార్తల శీర్షికలు, లింకులు ప్రోగ్రాములు చదువుకునేలా ఇచ్చే జాబితా. దాన్ని రాసే ఒక పద్ధతి పేరు ఆర్‌ఎస్‌ఎస్. ఆర్‌ఎస్‌ఎస్ అనగానే “అది గూగుల్ రీడర్‌తో పోయింది కదా” అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఫీడ్లు చదివిపెట్టే ఆ గూగుల్ సేవ 2013 జూలై 1న మూతపడింది గానీ ఫీడ్లు ఎక్కడికీ పోలేదు. వర్డ్‌ప్రెస్ మీద నడిచే ఏ సైటయినా, యజమాని పనిగట్టుకుని తీసేయకపోతే, అడ్రసు చివర ఫీడ్ అని తగిలిస్తే చాలు, ఫీడును ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే రూపంలో చేతిలో పెడుతుంది. పత్రికా సమాచార కార్యాలయం, రిజర్వ్ బ్యాంకు తమ ప్రకటనలను ఫీడ్లుగా ఇస్తాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే సచేత్ పోర్టల్ హెచ్చరికలను ఫీడుగా ఇస్తుంది. గూగుల్ న్యూస్‌లో తెలుగు మాటతో వెతికి ఆ ఫలితాన్నే ఫీడుగా తీసుకోవచ్చు. యూట్యూబ్ ఛానెళ్లకూ ఫీడుంది, ఆఖరి 15 వీడియోల వరకు చూపిస్తుంది. షావుకారు వీడియోలు వద్దన్నారు కాబట్టి దాన్ని వదిలేశాను.

ఏ ఫీడు పనికొస్తుందో, ఏది చెత్తో తేల్చుకోవడానికి ముందు న్యూస్‌బోట్ వాడాను, టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) నడిచే ఫీడ్ రీడర్ అది. న్యూస్‌బ్యూటర్ అనే పాత ప్రోగ్రామును నిర్వహించేవాళ్లు లేకపోవడంతో 2017లో దాన్నుంచి చీలి వచ్చిందిది. వాడకం తేలిక. యూఆర్‌ఎల్స్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో లైనుకో ఫీడు అడ్రసు, దాని పక్కన మనకు నచ్చిన ట్యాగులు రాసుకుంటాం. పెద్ద ఆర్ కొడితే అన్ని ఫీడ్లూ తాజా అవుతాయి, ఎన్ కొడితే చదవని తర్వాతి వార్తకు వెళ్తుంది, ఓ కొడితే బ్రౌజర్లో తెరుస్తుంది. క్వెరీ ఫీడు అని ఒక సదుపాయం ఉంది. “దిగుమతి ట్యాగున్న ఫీడ్లలో చదవనివన్నీ” లాంటి షరతు ఇస్తే దాన్నే ఒక కొత్త ఫీడులా చూపిస్తుంది. చదివినవి, చదవనివి అన్నీ ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేసు ఫైల్లో దాచుకుంటుంది. నా సొంత చదువుకు ఇప్పటికీ ఇదే వాడతాను, దీన్ని మించింది నాకింకా దొరకలేదు.

కొట్టుకు మాత్రం కుదర్లేదు. అడ్డుపడింది తెలుగు. టెర్మినల్ తెరను గళ్ల కాగితంలా చూస్తుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి కేటాయిస్తుంది. “శ్రీ” అనేది మన కంటికి ఒక అక్షరం. కంప్యూటరుకు నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైగా కంప్యూటర్లు వాడే యూనికోడ్ అక్షరాల పట్టికలో గుడి వెడల్పు లేని గుర్తు, కొమ్మేమో చోటు తీసుకునే గుర్తు. అంటే “కి” ఒక గడిలో ఇమడాలి, “కు” రెండు గళ్లు తినాలి. ఫాంటుకు ఈ లెక్క పట్టదు. దాంతో “శ్రీకాకుళం” ఒక టెర్మినల్లో విడివిడిగా, ఇంకోదాంట్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించింది. లైను పొడవు లెక్క తప్పి పక్క నిలువు వరస కూడా చెదిరిపోయేది. ఎమ్‌ఎల్‌టర్మ్ అనే టెర్మినల్ వాడితే చాలావరకు కుదురుకుంది. అయినా పొద్దున్నే కళ్లజోడు సర్దుకుంటూ వచ్చే మనిషిని నల్లటి తెర ముందు కూర్చోబెట్టి, ఓ కొట్టండి, ఎన్ కొట్టండి అని చెప్పడం నాకే సబబు అనిపించలేదు.

అందుకే పని రెండుగా చీల్చాను. తేవడం, వడకట్టడం కమాండ్ లైన్‌లో, చదవడం కాగితం మీద. తెలుగుతో ఫీడ్ల పని చేసేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. టెర్మినల్లో తెలుగు అందంగా కనిపించేలా చెయ్యాలని గంటలు పోసుకోకండి. చూపించే పని బ్రౌజరుకు వదిలేయండి.

ఎస్‌ఫీడ్ ఎందుకు

వడకట్టే పనికి ఎస్‌ఫీడ్ తీసుకున్నాను. ఇది ఒక రీడర్ కాదు, చిన్న చిన్న ప్రోగ్రాముల కట్ట. ఆర్‌ఎస్‌ఎస్ అయినా, ఆటమ్ అనే ఇంకో ఫీడు పద్ధతి అయినా లోపలికి ఇస్తే, బయటికి వార్తకో లైను వస్తుంది. లైన్లో ట్యాబ్‌లతో విడగొట్టిన గడులుంటాయి: సమయం, శీర్షిక, లింకు, విషయం, విషయం ఏ రకమో, గుర్తింపు సంఖ్య, రాసినవారు, జత ఫైలు, వర్గం. ఒక్కసారి ఈ రూపంలోకి వచ్చాక టెక్స్ట్‌ను వెతికే, వరస పెట్టే, మార్చే ఆక్, సార్ట్, సెడ్ లాంటి సుమారు యాభై ఏళ్ల నాటి పనిముట్లన్నీ పనికొస్తాయి. డేటాబేసు లేదు. ఏమైనా తేడా వస్తే ఫైలు తెరిచి కళ్లతో చూసుకోవచ్చు. నేను పలాసలో ఉండను కాబట్టి ఇది నాకు ముఖ్యం. బాబాయ్ ఆ లైనును ఫొటో తీసి పంపితే ఏం జరిగిందో తెలిసిపోతుంది.

పెట్టుకునేటప్పుడు కొన్ని సెట్టింగులు చూసుకోక తప్పలేదు. కట్టలోని ఎస్‌ఫీడ్ అప్‌డేట్, నెట్ నుంచి ఫైళ్లు దించే కర్ల్ ప్రోగ్రాము ద్వారా ఫీడ్లు తెస్తుంది. దారి మళ్లింపులను అది మామూలుగా అంగీకరించదు. అడ్రసు మారితే మారినట్టు మీకు తెలియాలన్న ఉద్దేశం, మంచిదే. ఇంకోటి, 15 సెకన్లలో జవాబు రాకపోతే వదిలేస్తుంది. కొట్టు నెట్‌కు అది చాలదు, పెంచాను. తెచ్చిందే మళ్లీ మళ్లీ తేకుండా ఈట్యాగ్ (ఫీడు మారిందో లేదో తెలిసేలా సర్వరు ఇచ్చే గుర్తు) దాచుకునేలా కర్ల్‌కు చెప్పాను. ఈ సదుపాయం కర్ల్‌లోకి 2020లో వచ్చింది. మారలేదని సర్వరు 304 అంటే ఆ ఫీడుకు పని లేదు. మన నెట్ మిగులుతుంది, వాళ్ల సర్వరుకూ బరువు తగ్గుతుంది.

పొద్దున్నే నడవాల్సిన పనికి, వేళకు పనులు నడిపే పాత క్రాన్ కాకుండా సిస్టమ్‌డీ టైమర్ పెట్టాను. తెల్లవారుజామున కరెంటు పోయి మిషను ఆగిపోయిందనుకోండి, క్రాన్ ఆ రోజు పనిని మర్చిపోతుంది. టైమర్‌లో పర్సిస్టెంట్ అని ఒక్క మాట రాస్తే, కరెంటు వచ్చి మిషను లేవగానే తప్పిన పని చేసి పెడుతుంది.

అసలు పని మాటల పట్టీ

ఫీడ్లు తేవడం ఒక సాయంత్రం పని. ముప్పై పైచిలుకు ఫీడ్ల నుంచి వచ్చే వందల శీర్షికల్లో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నదే నెలల తరబడి సాగింది. నా దృష్టిలో ఈ వ్యవస్థలో ప్రోగ్రాము అనదగ్గది స్క్రిప్టు కాదు, ఆ మాటల పట్టీయే. ఆ పట్టీ రాయాల్సింది ప్రోగ్రామరు కాదు, జీడి తెలిసిన మనిషి.

మొదట నేను రాసిన పట్టీలో “జీడి”, “పలాస”, “కాశీబుగ్గ”, “ఉద్దానం”, “శ్రీకాకుళం”, “తుపాను” లాంటివి ఉన్నాయి. మొదటి కాగితం చూసి బాబాయ్ అడిగిన మొదటి మాట: “ఇదేటి నాయినా, జీడిమెట్లలో గోడౌను కాలిపోతే మనకేటి పని?”

హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఏది జరిగినా మా కాగితం మీదకి వచ్చేస్తోంది. ఆ తర్వాత కాశీబుగ్గ. వరంగల్‌లోనూ ఒక కాశీబుగ్గ ఉందని వరంగల్ జిల్లా పేజీల ఫీడు తగిలించాక గానీ తట్టలేదు బాబాయ్‌కి. “అదీ మనదేనేటి?” అని నవ్వారు. ఇక జీడిపప్పు. వ్యాపార వార్తల కన్నా “రోజూ గుప్పెడు జీడిపప్పు తింటే ఏమవుతుందో తెలుసా” బాపతు రాతలు పదింతలు. వీటిని ఆపడానికి బాబాయ్ కనిపెట్టిన మంత్రం ఒకే ఒక్క మాట: “తింటే”. శీర్షికలో జీడి ఉండి, పక్కన తింటే కూడా ఉంటే ఆ వార్త తీసెయ్. ఆ ఒక్క మాటతో చెత్తలో మూడొంతులు పోయింది. నేను వంట, ఆరోగ్యం, చిట్కా అంటూ పది మాటలు రాసుకుంటున్నాను అప్పటికి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. తీసేయాల్సిన మాటలను అన్నిటికీ కలిపి ఒకే జాబితాగా పెట్టొచ్చు. న్యూస్‌బోట్‌లో ఇగ్నోర్ ఆర్టికల్ నియమాలను చాలామంది అలాగే రాసుకుంటారు. కానీ అలా పెడితే వరంగల్ అన్న మాట ఉన్న ప్రతి వార్తా పోతుంది, మిర్చి యార్డు ధరలతో సహా. బాబాయ్ తమ్ముడికి మిర్చి వ్యాపారం, ఆ వార్తలు కావాలి. అందుకే మినహాయింపును దాని మాటకే కట్టేశాను. పట్టీలో ఒక్కో లైను ఇలా ఉంటుంది: ముందు కావలసిన మాట, తర్వాత నిలువు గీత, ఆ తర్వాత ఆ మాటకు మాత్రమే వర్తించే వద్దు మాటలు. “జీడి” లైన్లో గీత తర్వాత జీడిమెట్ల, తింటే. “కాశీబుగ్గ” లైన్లో వరంగల్. “ఉద్దాన” లైన్లో గీత తర్వాత ఏమీ లేదు. ఉద్దానం అనగానే సగం వార్తలు కిడ్నీ జబ్బు గురించే ఉంటాయి, వాటిని తీసెయ్యమంటారా అని అడిగాను. ఒక్కటి కూడా తీయొద్దన్నారు షావుకారు. తోటల్లో పనిచేసేవాళ్లు, పప్పు ఒలిచేవాళ్లు అందరూ ఆ ఊళ్లవాళ్లే.

“ఉద్దాన” అని సగంలో ఎందుకు ఆపానో గమనించారా? తెలుగులో మాటకు విభక్తి తగిలితే తోక మారిపోతుంది. ఉద్దానం, ఉద్దానంలో సరే, ఉద్దానానికి వచ్చేసరికి సున్నా లేదు. శ్రీకాకుళం కోసం వెతికితే శ్రీకాకుళానికి తప్పిపోతుంది. అందుకని మారని భాగం వరకే రాయాలి: “శ్రీకాకుళ”, “ఉద్దాన”, “వాయుగుండ”, “అల్పపీడన”. బాబాయ్‌కి ఇది చెప్పడానికి వ్యాకరణం అక్కర్లేకపోయింది. “తోక కోసి రాయండి” అన్నాను, అంతే.

తుపానుకు ఇంకో తంటా. పత్రికకో తీరు: తుపాను, తుఫాను, తుపాన్, తుఫాన్. నాలాంటివాడి చెయ్యి వెంటనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (మాట రకరకాల రూపాలను ఒకే సూత్రంతో వెతికే పద్ధతి) వైపు వెళ్తుంది, చదరపు బ్రాకెట్లో ప, ఫ రెండూ పెట్టి ఒకే లైనుతో ముగించాలని. నా టెర్మినల్లో అది చక్కగా నడుస్తుంది. టైమర్ నడిపినప్పుడు నడవదు. కారణం ఇది: యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. టెర్మినల్లో లొకేల్ (ఏ భాష, ఏ అక్షర పద్ధతి అన్న సెట్టింగు) యూటీఎఫ్-8 కాబట్టి, వెతికే ప్రోగ్రాము గ్రెప్ ఆ మూడింటినీ కలిపి ఒక అక్షరంగా చూస్తుంది. టైమర్‌కో క్రాన్‌కో ఆ లొకేల్ అందకపోతే బ్రాకెట్లో ఉన్నవాటిని విడి బైట్లుగా చూసి, వాటిలో ఒకే ఒక్క బైటును సరిపోలుస్తుంది. వార్తలో అక్కడున్నవి మూడు. కుదరదు. ఎర్రర్ కూడా రాదు, వార్త రాదంతే. లొకేల్ సరిచేస్తే పోయే సమస్యే. కానీ నేను ఇంకో అడుగు వేసి పట్టీలోంచి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను మొత్తానికే తీసేశాను. నాలుగు తీర్లుగా రాస్తుంటే నాలుగు లైన్లు రాసుకోవడమే. వెతకడానికి ఆక్‌లోని ఇండెక్స్ వాడాను. అది ఉన్నది ఉన్నట్టు వెతుకుతుంది, దానికి లొకేల్‌తో పేచీ లేదు. పట్టీ కాస్త పొడుగైంది, అర్థం కానిదంటూ అందులో ఏమీ మిగల్లేదు.

ఆఖరిది కంటికి కనపడదు. “ఎక్స్‌పోర్ట్”, “పోర్ట్‌లో” లాంటి మాటల మధ్య వెడల్పు లేని ఒక గుర్తు ఉంటుంది, పొల్లు కింద తర్వాతి హల్లు ఒత్తుగా మారిపోకుండా ఆపడానికి. ఒక పత్రిక అది పెడుతుంది, ఇంకో పత్రిక పెట్టదు, ఫోన్ కీబోర్డు ఒకలా, కంప్యూటరు కీబోర్డు ఇంకోలా. చదివేవాళ్లకు రెండూ ఒకే మాట, బైట్లలో వేరు. కాబట్టి శీర్షికకు ఒక నకలు తీసి, అందులోంచి ఆ గుర్తును సెడ్‌తో తుడిచేసి, పట్టీలోని మాటలకూ అదే చేసి, అప్పుడు పోలుస్తాను. కాగితం మీద మాత్రం అసలు శీర్షికే వేస్తాను, లేకపోతే ఒత్తులు తారుమారవుతాయి.

నోట్‌ప్యాడ్‌తో సర్దుకోవడం

పట్టీ బాబాయ్ చేతిలోనే ఉండాలనుకున్నాం కాబట్టి ఆ ఫైలును, విండోస్‌తో ఫైళ్లు పంచుకునే సాంబా ద్వారా ఆయన కంప్యూటర్లో కనిపించేలా పెట్టాను. ఆయన దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరుస్తారు. విండోస్‌లో దాచిన ఫైల్లో ప్రతి లైను చివరా కనపడని అదనపు గుర్తు చేరొచ్చు. దాన్ని తీయకపోతే లైన్లోని ఆఖరి మాట దేనితోనూ కలవదు. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8గా దాస్తే ఫైలు మొదట్లో బీఓఎమ్ అనే మూడు బైట్లు పెడుతుంది, దాంతో మొదటి లైను ఒక్కటే పనిచేయదు. 2019లో వచ్చిన విండోస్ 10 నవీకరణ నుంచి ఆ అలవాటు మానేసింది. ఇక ఖాళీ లైను. రాయడం అయ్యాక ఎంటర్ కొట్టి వదిలేయడం అందరికీ అలవాటే. ఖాళీ మాట ప్రతి శీర్షికలోనూ ఉన్నట్టే లెక్క. గ్రెప్‌కు పట్టీ ఫైలు ఇచ్చినా ఇదే తీరు: ఒక్క ఖాళీ లైనుంటే చాలు, ఊళ్లో వార్తలన్నీ కాగితం మీదకి దిగుతాయి.

ఈ మూడింటినీ స్క్రిప్టే ముందు శుభ్రం చేసుకుంటుంది. “నోట్‌ప్యాడ్ వాడకండి, వేరే ఎడిటరు వేస్తాను” అనడం నాకు తేలిక. ఆయనకు ఆ పూట నుంచి పట్టీ ముట్టుకోవడం మానేయడం ఇంకా తేలిక.

ఒక్కటి మాత్రం మేము సరిచేయలేనిది. కొట్టులో పాత రేట్ల పట్టికలు యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిలోంచి ఒక మాట కాపీ చేసి పట్టీలో అతికిస్తే తెలుగు రాదు, ఇంగ్లిష్ అక్షరాలూ చిహ్నాలూ కలగలిసిన చెత్త వస్తుంది. అలాంటి లైను కనిపిస్తే కాగితం అడుగున “ఈ మాట తెలుగులో లేదు” అని ఒక గమనిక వస్తుంది. ఇంగ్లిష్ ఫీడ్లకు వేరే పట్టీ ఉంది. అది నా దగ్గరే ఉంది, అందులో మాటలు తక్కువ, మార్పులూ తక్కువ.

సమయం, మౌనం, నకళ్లు

ఒక ఫీడు వార్తలు ఎప్పుడూ కాగితం నెత్తినే ఉండేవి. చూస్తే, రాసింది మన సమయం, పక్కన తగిలించింది జీఎమ్‌టీ. అంటే ప్రతి వార్తా అయిదున్నర గంటలు భవిష్యత్తులో ఉంటుంది. ఇంకో చోట ఐఎస్‌టీ అని రాశారు. ఆర్‌ఎస్‌ఎస్ తేదీలకు ఆధారమైన ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ప్రమాణంలో ఆ పేరుతో టైమ్ జోనే లేదు, చదివే ప్రోగ్రాము దాన్ని ఎలాగైనా అనుకోవచ్చు. ఆ ఫీడ్లకు మాత్రం సమయం ఉండే మొదటి గడిలోంచి 19,800 సెకన్లు తీసేస్తాను.

ఫీడు చచ్చిపోవడం ఇంతకన్నా చెడ్డది, చప్పుడు చెయ్యదు కాబట్టి. సైటు కొత్తగా కట్టుకున్నప్పుడు పాత ఫీడు అడ్రసులో మామూలు వెబ్ పేజీ పెట్టి, అంతా బాగానే ఉందంటూ 200 జవాబిస్తారు. అందులో వార్తలేమీ దొరకవు, పాతవి అలాగే ఉండిపోతాయి. ఎర్రర్ కోసం చూస్తే లాభం లేదు, వయసు చూడాలి. ప్రతి ఫీడులో అన్నిటికన్నా కొత్త వార్త ఎప్పటిదో చూసి, దినపత్రికకైతే మూడు రోజులు, ప్రభుత్వ ప్రకటనలకైతే నెల దాటితే కాగితం అడుగున ఆ ఫీడు పేరు వస్తుంది.

నకళ్ల విషయంలో ఎస్‌ఫీడ్ గుర్తింపు సంఖ్య, శీర్షిక, లింకు మూడూ ఒకటైతేనే ఒకే వార్త అనుకుంటుంది. డెస్కులో ఎవరో శీర్షికలో ఒక్క అక్షరం దిద్దినా అది రెండో వార్త అవుతుంది. లింకును బట్టి కలిపేలా మార్చాను. ఒకే వార్తను మూడు పత్రికలు రాస్తే దాన్ని కూడా ఒకటిగా కలపాలని చూస్తుంటే బాబాయ్ ఆపారు. “ముగ్గురూ రాసినారంటే అది పెద్ద ముక్కే కదా, ఉండనీ.” ఉంచేశాను.

తుపాను రోజుల్లో

వాయుగుండం పేరు కాగితం మీద కనపడగానే షావుకారు అడిగేది, గంట గంటకీ తెప్పించలేమా అని. తెప్పించొచ్చు. సచేత్ ఫీడులో వచ్చేది కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ ప్రకారం రాసిన హెచ్చరికలు. తీవ్రత ఎంత, ఎంత తొందరలో, ఎంత ఖాయంగా, ఏ ప్రాంతానికి అన్నవి అందులో విడివిడి గడుల్లో ఉంటాయి కాబట్టి మాటల పట్టీతో పని లేదు. జిల్లా పేరు చూసి, తీవ్రత చూసి నేరుగా పైకి తీసుకోవచ్చు. అలా ఒక ప్రత్యేక స్క్రిప్టు రాసిపెట్టాను, అక్టోబరు-డిసెంబరు మధ్య దాన్ని తరచుగా నడుపుతాం.

కానీ షావుకారికి ఒకటి కచ్చితంగా చెప్పాను, రాతపూర్వకంగా కూడా ఇచ్చాను: తుపానులో ఈ కాగితాన్ని నమ్ముకోవద్దు. ముందు పోయేది కరెంటు, తర్వాత నెట్, ఈ పెట్టెకు ఆ రెండూ కావాలి. తుపాను హెచ్చరిక దశలో వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, అది రేడియోలో వస్తుంది, తహసీల్దారు ఆఫీసుకు వస్తుంది. మాది గోడౌన్లో బస్తాలు ఎత్తున పేర్చాలా, లారీ ఆపాలా అన్న నిర్ణయానికి ఒకరోజు ముందు పనికొచ్చే సరంజామా. తీరం దాటే రాత్రికి కాదు.

విజయనగరం వెర్షన్

కాగితం సంగతి షావుకారు వియ్యంకుడి దాకా వెళ్లింది. ఆయనది విజయనగరంలో నార వ్యాపారం, జనపనార, గోగునార రెండూ. స్క్రిప్టులన్నీ అవే కాపీ చేశాను. కొత్తగా రాసింది పట్టీ మాత్రమే.

ఈసారి కూడా మొదటి పట్టీ ఆయననే రాసిమ్మన్నాను. రాసిచ్చిన మొదటి మాట “నార”. మర్నాడు వచ్చిన కాగితం నిండా రాజకీయమే. నారా ఇంటిపేరున్న నాయకులు, నారాయణ పేరున్న మంత్రులు, నారాయణ కాలేజీల ర్యాంకులు, సత్యనారాయణ వ్రతాలు. ఒక్కటి కూడా బస్తాల్లో నింపుకునేది కాదు. “జనపనార”, “గోగునార”, “జ్యూట్”, “గోనె” అని మార్చాం. ఊరి పేరుకు “విజయనగర” అని తోక కోస్తే రాయల సామ్రాజ్యం, కర్ణాటకలోని జిల్లా, హైదరాబాదులో విజయనగర్ కాలనీ వరసగా దిగాయి. అక్కడ మాత్రం తోక కోయకుండా “విజయనగరం”, “విజయనగరానికి” అని విడివిడిగా రాయించి, గీత అవతల సామ్రాజ్యం అని పెట్టాం. చరిత్ర వ్యాసాలు కొన్ని తప్పించుకుని వస్తూనే ఉన్నాయి. ఆయన ఏమీ అనుకోవడం లేదు, చదువుతున్నారు కూడా.

ఆయనకు అసలు కావలసిన వార్త ఏడాదికి కొన్ని సార్లే వస్తుంది. 1987 నాటి జనపనార ప్యాకింగ్ చట్టం కింద ధాన్యం, పంచదార బస్తాల్లో ఎంత శాతం గోనెసంచుల్లో నింపాలో కేంద్ర మంత్రివర్గం ఖరారు చేస్తుంది. ఆహారధాన్యాలకు నూరు శాతం, పంచదారకు 20 శాతం అన్నది కొన్నేళ్లుగా వస్తున్న లెక్క. మద్దతు ధర ఇంకోటి. రెండూ పత్రికా సమాచార కార్యాలయం ఫీడులో పత్రికల కన్నా ముందు వస్తాయి, ఇంగ్లిష్‌లో. ఇంగ్లిష్ పట్టీలో రెండు లైన్లు చేర్చి, అవి తగిలితే కాగితం నెత్తిన పెద్ద అక్షరాల్లో వేసేలా పెట్టాను.

ఇప్పుడు మిగిలిన పని ఫీడు లేని సైట్లు. కొన్ని మార్కెట్ కమిటీల ధరలు పట్టికగా పేజీలో ఉంటాయి, ఫీడు ఉండదు. పేజీ తెచ్చి, నిన్నటిదాంతో పోల్చి, మారిన వరసలను మాత్రం ఎస్‌ఫీడ్ రూపంలో లైన్లుగా రాసే స్క్రిప్టు ఒకటి విజయనగరంలో నడుస్తోంది. పేజీ తీరు మార్చిన ప్రతిసారీ అది ఆగిపోతుంది, ఆగినట్టు కాగితం అడుగున వస్తుంది. పలాసకు దాన్ని ఇంకా ఇవ్వలేదు. పిక్కల రేటు వెబ్ పేజీలో చూసుకోవాల్సిన ఖర్మ తనకు పట్టలేదని బాబాయ్ అన్నారు. ఆయన పొద్దున్నే నలుగురికి ఫోన్ చేస్తారు, రేటు చేత్తో కాగితం మీద రాస్తారు. అందుకోసం పేజీలో కుడి పక్కన ఖాళీ వదులుతున్నాను.